మా ఇంటి తొక్కు పచ్చడి

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ప్రసంగాలు అలవాటు లేవు. ఇరవై నాలుగేళ్ళు ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశాను. అంటే రేషన్ల వాణ్ణి. తుపాకీ పట్టినవాళ్ళ కథలు వినడానికి బాగుంటాయి గాని, బియ్యం బస్తాలు లెక్కపెట్టినవాడి కథ ఎవరు వింటారు? అదే మాట మన కార్యదర్శి గారితో అన్నాను. ఆయన వదల్లేదు. "మీరు టాటానగర్‌లో పెరిగినవారు కదా, చిన్నప్పటి అమ్మ చేతి వంట గురించి, ఆ పొదుపు గురించి ఓ పావుగంట చెప్పండి, మన పిల్లలు వింటారు" అన్నారు. సరే అన్నాను. సరే అన్నాక ఒక చిక్కు వచ్చిపడింది. అదేమిటో తరువాత మనవి చేస్తాను.

మా వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. పొలం ఉన్నా లేనట్టే. మా ప్రాంతంలో వెనకటి నుంచీ పొట్ట చేతపట్టుకుని రంగూను పోయేవారు, ఖరగ్‌పూర్ పోయేవారు, టాటానగర్ పోయేవారు. ఆమదాలవలసలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, మళ్ళీ బండి మారితే టాటానగర్. 1907లో టాటా వారి ఉక్కు కంపెనీ పుట్టింది, 1912లో మొదటి ఉక్కు తీశారు. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని, కాలీమాటీ స్టేషన్‌కి టాటానగర్ అని పేర్లు వచ్చాయి. మనవాళ్ళ నోట మాత్రం ఊరూ స్టేషనూ రెండూ టాటానగరే. ఇప్పుడది జార్ఖండ్. 2000 నవంబరు దాకా బీహారు. నేను పెరిగింది బీహారులో.

అక్కడ తెలుగువాళ్ళకు లోటు లేదు. బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమికి వడపప్పు, పానకం తీసుకోవడానికి క్యూలో నిలబడితే, వెనకా ముందూ అంతా మన యాసే. మార్చి 3 వచ్చిందంటే జంషెడ్జీ టాటా జయంతి, జూబిలీ పార్కు నిండా దీపాలు. మేం కద్మా నుంచి నడిచిపోయి చూసి నడిచి వచ్చేవాళ్ళం. కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళకు కొళాయి, కరెంటు, ముందు చిన్న తోట. మేం క్వార్టర్ల వాళ్ళం కాము. మా నాన్న ఒక కాంట్రాక్టరు కింద కూలీ. బస్తీలో రెండు గదుల పెంకుటిల్లు, వెనకాల ఒక మునగచెట్టు. నాన్న, అమ్మ, నాకంటే రెండేళ్ళు పెద్దదైన అప్ప, నేను, నా తరువాత ఇద్దరు చిన్నవాళ్ళు. మొత్తం ఆరుగురం.

పొదుపు వంట అంటే అందరికీ కూర, పచ్చడి గుర్తొస్తాయి. నాకు ముందు గుర్తొచ్చేది పొయ్యి. ఇనప బకెట్‌కి పక్కన కన్నం పెట్టి, లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనప చువ్వలు వేసిన బొగ్గుల పొయ్యి. బొగ్గు కొనాలి. కొన్న బొగ్గులో అడుగున మిగిలే పొడిని పారేసేవాళ్ళం కాదు. దానిలో బంకమట్టి, కొంచెం పేడ కలిపి, నీళ్ళతో పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి ఎండలో పెట్టేవాళ్ళం. అక్కడ వాటిని గుల్ అంటారు. ఎండిన గుల్ నిదానంగా రాజుతుంది. మంట ఎగరదు గాని గంటలకొద్దీ వేడి ఉంటుంది. సాయంత్రం బస్తీలో ప్రతి ఇంటి ముందూ పొయ్యి వెలిగించి, పొగ పోయేదాకా వీధిలోనే ఉంచి, నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోయేవారు. ఆ అరగంట ఎదురిల్లు కనపడేది కాదు.

ఆ పొయ్యి ఒక్కసారి వెలిగితే మళ్ళీ వెలిగించకూడదు. అదీ మా ఇంటి మొదటి రూలు. ముందు అన్నం, తరువాత చారో కూరో, ఆఖర్న నిప్పు సన్నగిల్లాక దాని మీద ఉలవల కుండ. ఉలవలు రాత్రంతా ఆ వేడికి మెత్తబడేవి. తెల్లారి ఆ నీళ్ళు వంచి, చింతపండు పులుసు పోసి, ఇంత ఉల్లిపాయ, ఎండుమిరపకాయ వేసి కాస్తే ఉలవచారు. మిగిలిన గింజలు గుగ్గిళ్ళు. బడి నుంచి వచ్చిన పిల్లలకి గుప్పెడు గుప్పెడు. ఉలవల్ని అక్కడ కుల్థీ అంటారు. చవగ్గా దొరికేవి. ఈమధ్య మా కోడలు హోటల్ నుంచి ఉలవచారు తెప్పించింది, పైన మీగడ వేసి ఇచ్చాడు. బాగానే ఉంది. ఉలవచారులో మీగడ ఏమిటో నాకర్థం కాలేదు.

అన్నం వార్చిన గంజి సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. మొదటి గంజి చిక్కగా ఉన్నప్పుడే ఉప్పు వేసి చిన్నవాళ్ళిద్దరికీ. తరువాత కొంచెం పక్కకు తీసి నీళ్ళు కలిపి, నా బడి చొక్కాకి, నిక్కరికి పెట్టడానికి. మిగిలింది ఆకుకూరలోకి. ఇది మా శ్రీకాకుళం పద్ధతి కాదు. మా బస్తీ చివర సంతాలుల ఇళ్ళుండేవి. వాళ్ళు గంజిలోనే ఆకు ఉడికించేవారు. మాడ్ ఝోర్ అంటారు. మాడ్ అంటే గంజి. పప్పు అక్కర్లేదు, నూనె బొట్టు చాలు, వెల్లుల్లి ఉంటే సరి. మునగాకుతో, బచ్చలితో, సంతకి ఆదివాసీ ఆడవాళ్ళు తెచ్చే కోయినార్ ఆకుతో మా ఇంట్లోనూ అదే మొదలైంది. పప్పు కొనలేని రోజుల్లో పప్పులా చిక్కగా ఉండేది. మేం దానికి 'టాటా పప్పు' అని పేరు పెట్టాం.

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నే చద్దన్నం. పక్కింటి ఒడియా వాళ్ళకీ అదే, వాళ్ళు పఖాళ అనేవారు. బెంగాలీ వాళ్ళు పాంతా భాత్ అనేవారు. పేరేదైనా పొద్దున్న ఆరింటికి బస్తీలో అందరి చేతిలోనూ ఉల్లిపాయే. ఊరి నుంచి ఎవరైనా వస్తే చోళ్ళ పిండి, ఎండు నెత్తళ్ళు తెచ్చేవారు. నెత్తళ్ళు మనిషికి రెండు. వంకాయలో వేసి ఉడికిస్తే చేప తక్కువైనా వాసన మాత్రం మూడిళ్ళకి సరిపోయేది. పక్కవాటా వాళ్ళు శాకాహారులు. ఆ రోజు వాళ్ళ కిటికీ మూసేవారు. మర్నాడు మామూలుగా మాట్లాడేవారు.

పక్కవాటా అంటే ఛప్రా నుంచి వచ్చిన కుటుంబం. ఆవిణ్ణి మేం చాచీ అనేవాళ్ళం. రేషన్ కొట్లో బియ్యానికి బదులు గోధుమలిచ్చే రోజులవి. అమెరికా నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద వచ్చిన గోధుమలు. అన్నం తినేవాడికి గోధుమలిస్తే ఏం చేసుకుంటాడు? మొదట్లో రవ్వ విసిరి అన్నంలా వండారు. జిగురుగా అయింది, నాన్న కంచం పక్కకు జరిపాడు. అప్పుడు చాచీ వచ్చి పిండి ఎలా కలపాలో, రొట్టె ఎలా ఒత్తాలో నేర్పింది. సత్తు కూడా ఆవిడ ధర్మమే. వేయించిన శనగల పిండి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు, నాలుగు చుక్కల ఆవనూనె. నీళ్ళతో ముద్ద చేసుకుంటే అయిపోయింది, పొయ్యితో పనే లేదు. బొగ్గు లేని రోజు సత్తు రోజు.

1965 సంగతి మీలో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. పాకిస్తాన్‌తో యుద్ధం, ఇటు తిండిగింజల కొరత. లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు. సోమవారం రాత్రి. మా బస్తీలో చాలా ఇళ్ళల్లో సోమవారం సాయంత్రం పొగ ఉండేది కాదు, ఎదురిల్లు స్పష్టంగా కనపడేది. నాకు పన్నెండేళ్ళు. సైనికుల కోసం పస్తుంటున్నామని ఛాతీ విరుచుకుని తిరిగాను. మా అప్ప మాత్రం, "సోమారం శాస్త్రి గారి పస్తు, మంగళారం మన సొంత పస్తు" అనేది. నాన్న కోప్పడబోయి నవ్వేశాడు.

ఆ సొంత పస్తు మరుసటి ఏడాది నిజంగానే వచ్చింది. 1966లో బీహారులో వానలు సరిగా పడలేదు, 66-67 కరువు గురించి మీరు చదివే ఉంటారు. మా ఊరు కారఖానా ఊరు కాబట్టి పొలాలెండినంత తెలియలేదు గాని, సంతలో ధరలు తెలిశాయి. అదే సమయంలో నాన్న కాంట్రాక్టరు పని ఆపేశాడు. నాలుగు నెలలు కూలి లేదు. చేసిన పనికి రావాల్సిన డబ్బూ పూర్తిగా రాలేదు. ఆ పెద్దమనిషి పేరు ఇప్పుడెందుకు?

మా ఇంట్లో మూల ఒక కుండ ఉండేది. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేవారు. పండగకి పాయసం అని నేననుకునేవాణ్ణి. ఆ నాలుగు నెలల్లో ఆ కుండ పదకొండు రోజులు వచ్చింది. పదకొండని నాకెలా తెలుసంటే, గోడ మీద లెక్క ఉండేది. సుద్దముక్కతో గీతలు. ఇన్ని తవ్వల బియ్యం, ఇన్ని సోలల ఉలవలు, ఇన్ని రోజులు, ఇంతమంది. శనివారం రాత్రి వారం లెక్క రాసేవారు. ఏ రోజు ఎంత వాడామో పక్కన గీత పడేది. నేను 1972లో భర్తీ అయి, స్టోర్‌లో పనికి వెళ్ళినప్పుడు, మా హవల్దార్ సాబ్ స్టాక్ లెడ్జర్ తెరిచి చూపించి, "సమఝ్ మే ఆయా?" అన్నాడు. ఎందుకు అర్థం కాదు? తలకింత, రోజుకింత, నిల్వ ఇంత, ఎన్ని రోజులు. మా ఇంటి గోడే అది. గ్రాముల్లో ఉంది, అంతే తేడా.

ఇక తొక్కు పచ్చడి. ఆనపకాయ కూర ఒక పూటకి, దాని తొక్కు రెండు పూటలకి. తొక్కు సన్నగా తరిగి, గరిటె చివర నూనెలో పసరు వాసన పోయేదాకా వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పుతో రోట్లో నూరడం. ఆనప లేనప్పుడు బీరతొక్కు, అరటికాయ తొక్కు. ఎదురింటి బెంగాలీ వాళ్ళూ తొక్కలు పారేసేవారు కాదు, వేపుడు చేసుకునేవారు. కాబట్టి బస్తీలో అది నామోషీ కాదు. బడిలో అయింది. క్వార్టర్ల పిల్లాడొకడు నా డబ్బాలోకి తొంగిచూసి, ఇది మా ఇంట్లో ఆవుకి వేస్తాం అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఓ వారం పాటు డబ్బాలో పచ్చడి దారిలో కాలవలో పారబోసి, వట్టి అన్నం తిన్నాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. తరువాతి వారం నుంచి డబ్బాలో పచ్చడి విడిగా లేదు. అన్నంలో ముందే కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, పైన వేయించిన మిరపకాయ ఒకటి పెట్టి ఉండేది. చూస్తే పులిహోరలా ఉంది. తొంగిచూసినవాడు కూడా ఒక ముద్ద అడిగి తిన్నాడు.

సర్వీసులో నేనెక్కడికి వెళ్ళినా అమ్మ ఆ ముద్దలు చుట్టిన తెలివి గురించి చెప్పేవాణ్ణి. లేహ్‌లో ఉన్నప్పుడు, పదకొండు వేల అడుగుల పైన ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకని చోట, లంగర్ వెనక కూరగాయల తొక్కల కుప్ప చూసి వంటవాళ్ళకి మా అమ్మ పచ్చడి కథ చెప్పాను. వాళ్ళు "హా సాబ్" అన్నారు. తొక్కల కుప్ప అలాగే ఉంది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన చిక్కు. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాక, కొలతలు సరిచూసుకుందామని మా అప్పకి ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పటికీ జంషెడ్‌పూర్‌లోనే, సోనారిలో కొడుకు దగ్గర ఉంటుంది. "అప్పా, అమ్మ చేతి వంట మీద మాట్లాడమన్నారు. ఆ తొక్కు పచ్చడి అమ్మ ఎలా చేసేది?" అన్నాను. కాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందనుకున్నాను. తరువాత అంది, "ఆ తొక్కు పచ్చడి అమ్మ సేసినాదని నీకెవులు సెప్పినార్రా?"

నేను తెల్లబోయాను.

నాన్న పని పోయినప్పుడు అమ్మ క్వార్టర్లలో నాలుగిళ్ళకి అంట్లు తోమడానికి కుదిరింది. ఆ సంగతి నాకు తెలుసు. తెల్లవారకుండా వెళ్ళి మధ్యాహ్నం వచ్చేది, మళ్ళీ సాయంత్రం వెళ్ళేది. నాన్నకి తిరిగి పని దొరికాక కూడా అప్పులు తీరేదాకా మానలేదు. మరి వంట ఎవరు చేశారు? ఈ ప్రశ్న యాభై ఏళ్ళు పైబడి నాకు తట్టనే లేదు. 1966 నుంచి నేను ఇల్లు విడిచిన 1972 దాకా, నేను తిన్న ప్రతి ముద్దా అప్ప వండింది. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు ఆ క్లాసులో లేరని టీచరు ఇంటికొచ్చి అమ్మతో చెప్పి వెళ్ళింది కూడా. గోడ మీద సుద్ద గీతలు దానివే. పండ్ల మీద ఇసుక రాలినట్టుండే చలిలో, జనవరిలో, బొగ్గుపొడి పిసికి గుల్ చేసింది అదే. చేతులు పగిలి మసి లోపలికి దిగి, పెళ్ళినాటికి కూడా గోరింటాకు సరిగ్గా పండలేదట. మాడ్ ఝోర్ సంతాలు ఇళ్ళకి పోయి నేర్చుకున్నది అదే, చాచీ దగ్గర రొట్టె ఒత్తడం నేర్చుకున్నదీ అదే. నేను అదే ఇంట్లో, ఆ పొయ్యి పక్కనే కూచుని చదువుకున్నాను. కళ్ళెదుట చూసిందాన్ని తరువాత్తరువాత ఎలా మార్చుకున్నానో నాకే తెలియదు. అన్నం అంటే అమ్మ అని అందరూ అంటారు, నేనూ అన్నాను.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు అప్పా?" అన్నాను. "నువ్వడిగినావా?" అంది. తరువాత నవ్వి, "నువ్వు కాలవలో పారబోసినావు కదా, అదీ నాకు తెలుసు. డబ్బా నేనే కదా తోమినాను. తొక్కు మెతుకు అంటుకుని నేదు, సుబ్బరంగా ఉంది. పచ్చడి తిన్నోడి డబ్బా అలాగుంటాదేటి?" అంది.

ముద్దలు చుట్టింది కూడా అదేనని వేరే చెప్పక్కర్లేదు.

నాకు చెయ్యాల్సింది తోచక, "ఈ ప్రసంగం మానేస్తాను, కార్యదర్శి గారికి చెప్పేస్తాను" అన్నాను. అప్ప ఒప్పుకోలేదు. "అమ్మని తక్కువ సెయ్యకు. అమ్మ ఆ అంట్లు తోమకపోతే వండడానికి ఏటుంటాది? నాను ఉన్నదాన్ని సరిపెట్టినాను, అమ్మ తెచ్చింది. ఇద్దరి పేరూ సెప్పు" అంది. బడి మానడం గురించి అడిగితే మాత్రం, "అది తీపి గురుతు కాదురా, అది సభలో సెప్పకు" అంది. అప్పా, క్షమించు, చెప్పేశాను.

మా ఆవిడ ఈ ప్రసంగం కోసం ఇంట్లో ఆనపతొక్కు పచ్చడి చేసింది. బాగా వేయించిన నువ్వులు వేసి, ఇంగువ తాలింపు పెట్టి, కొత్తిమీర చల్లి. ఈ రోజు భోజనాల్లో మీ అందరికీ అదే వడ్డిస్తారు, కేటరింగ్ వాళ్ళకి ఆవిడే దగ్గరుండి చేయించింది. ఆ మాట అప్పకి ఫోన్లో చెబితే చాలా సంతోషించింది. అంతలోనే గొంతు మార్చి, "నువ్వులేటి? ఆ రోజుల్లో మనకి నువ్వులెక్కడివి? గుప్పెడు ఉలవలు మాడ్చకుండా వేయించి, తొక్కుతో కలిపి నూరినాను. చిక్కదనం దానికే వచ్చింది. మీ వాళ్ళు నువ్వులేసుకుంటే వేసుకోమను. సభలో మాత్రం ఉలవలని సెప్పు" అంది.

ఉలవలు. సోలెడు తొక్కుకి గుప్పెడు.

భోజనాలకి వేళయింది. సెలవు. జైహింద్.